ముసురు పట్టిన తెన్నేటి రాళ్లు

విశాఖపట్నంలో అల్పపీడనం అన్న మాట టీవీలో వినబడితే చాలు, బీచ్ రోడ్డు సగానికి సగం ఖాళీ అయిపోతుంది. ఆర్కే బీచ్‌లో గుర్రాలు కనబడవు. బెలూన్లు కాల్పించేవాళ్లు బల్లలు మడిచేస్తారు. తెన్నేటి పార్కు మెట్ల మీద ఫొటోలకు వరస కట్టే కుర్రకారు సినిమా హాళ్లకు మళ్లుతుంది. మంచి అదను అదే. ఎండ కాస్తున్నప్పుడు ఈ పార్కుకు వెళ్లినవాళ్లు సముద్రాన్ని చూసి వస్తారు, రాళ్లు ఫొటోలో వెనకాల ఎక్కడో ఉంటాయి. ముసురు పట్టినప్పుడు సముద్రమూ ఆకాశమూ కలిసి ఒకే బూడిద రంగులోకి దిగిపోతాయి. ఇక చూడ్డానికి రాళ్లే మిగులుతాయి. పార్కుకు ఉన్న అసలు ఆస్తి అవే.

లాసన్స్ బే, పెద జాలరిపేట, అప్పూఘర్ దాటి భీమిలి వైపు వెళ్తుంటే ఎడమ పక్క కైలాసగిరి, కుడి పక్క సముద్రం దగ్గర దగ్గరగా వచ్చేసి మధ్యలో రోడ్డుకు మాత్రం చోటిచ్చే మలుపు ఒకటుంది. జోడుగుళ్లపాలెం జాలరి పల్లెను ఆనుకుని అక్కడే తెన్నేటి పార్కు. స్వాతంత్ర్య సమరయోధుడు, 1967లో విశాఖ నుంచి లోక్‌సభకు వెళ్లిన తెన్నేటి విశ్వనాథం పేరు దీనికి పెట్టారు. విశాఖ ఉక్కు కోసం పట్టుబట్టి కొట్లాడిన మనిషి పేరు రాళ్ల పార్కుకు దక్కడం ఎవరు ఆలోచించి చేశారో గానీ బాగానే కుదిరింది. పైన పచ్చిక, బెంచీలు, పిల్లల ఆటవస్తువులు ఏ ఊరి పార్కులోనైనా ఉండేవే. వాటిని దాటుకుని మెట్లు దిగితే అసలు పార్కు మొదలవుతుంది.

వాన ఉంది కదా అని ఎప్పుడు పడితే అప్పుడు దిగితే లాభం లేదు. ముందు తిథి చూసుకోవాలి. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి పోటు వేళ రోజూ 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకూ పున్నమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి లాగుతారు. నీళ్లు ఎంత బాగా ఎక్కుతాయో అంత బాగా దిగుతాయి. ఆ రోజుల్లో విశాఖలో పోటు ఇంచుమించు ఉదయం తొమ్మిది ప్రాంతంలో, పాటు మధ్యాహ్నం మూడు ప్రాంతంలో పడుతుంది. తేడా అంతా కలిపి ఒకటిన్నర మీటరు లోపే. ఇసుక తీరంలో అది లెక్కలోకి రాదు. రాళ్ల తీరంలో మాత్రం ఆ కాస్తకే ఒక పేట పేటంతా బయటపడుతుంది.

అందుకే శ్రావణ అమావాస్య మర్నాడు, భోజనాలయ్యాక, ఆరో తరగతి చదివే మా మేనకోడల్ని వెంటబెట్టుకుని బయల్దేరాను. జడివాన కాదు. గాలితో వచ్చి మొహాన కొట్టి, కాసేపు ఆగి, మళ్లీ మొదలయ్యే ముసురు. మెట్ల చివర, పడవ బోర్లించిన చోట టార్పాలిన్ కింద వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన తలెత్తి చూశాడు.

“ఏటి బాబూ, వాన్లో పిల్లనట్టుకుని దిగతన్నారు?”

రాళ్లు చూడ్డానికన్నాను. వాటిలో ఏముందన్నట్టు ఒక చూపు చూసి, “పచ్చగున్న రాయి మీద కాలెట్టకండి, జారతాది. తెల్లగా గరుగ్గా ఉంటాది చూడండి, దాని మీదెట్టండి. సముద్రానికి వీపెట్టి మాత్రం నిలబడకండి. ఇప్పుడు సన్నగానే ఉన్నాది గానీ కెరటం మాట చెప్పలేం” అన్నాడు.

ఆయన చెప్పిన మూడు ముక్కల్లో రాళ్ల తీరం పాఠమంతా ఉంది. పచ్చగా ఉండేది నాచు. తెల్లగా గరుకుగా ఉండేవి బార్నకిల్స్, రాతిని కరుచుకుని బతికే చిన్న చిన్న జీవులు. వాటి గుల్లల మీద చెప్పు పట్టు దొరుకుతుంది, చెయ్యి పడితే మాత్రం కోసుకుపోతుంది. ఇక కెరటాలు ఒక్కొక్కటిగా కాకుండా గుంపులుగా వస్తాయి. కాసేపు అన్నీ చిన్నవే వచ్చేసరికి మనిషికి ధైర్యం చిక్కుతుంది, రెండడుగులు ముందుకేస్తాడు. పెద్ద గుంపు సరిగ్గా అప్పుడే వస్తుంది. నైరుతి కాలంలో దక్షిణం నుంచి వచ్చే అలలు ముందుకు పొడుచుకొచ్చిన రాళ్ల చుట్టూ వంగి, బలమంతా వాటి మీదే తెచ్చి పెడతాయి. రాళ్ల మధ్య సన్నటి ఇసుక సందులు ప్రశాంతంగా కనిపించినా ఒడ్డెక్కిన నీళ్లు వెనక్కి లాక్కుపోయే దారులు అవే. ఈ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి. ఈత వచ్చన్న ధీమా ఇక్కడ పనికిరాదు. మేం చివరి రాళ్ల జోలికి పోలేదు.

ఇప్పుడు రాళ్ల సంగతి. ఎండిన రాయి గరుకు ఉపరితలం మీద వెలుగు నలుదిక్కులా చెదిరిపోతుంది, అందుకే ఎండలో ఇవన్నీ ఒకే మట్టి రంగులో తేలిపోతాయి. తడిసినప్పుడు ఆ గరుకు గుంటల్ని నీటి పొర నింపేస్తుంది, వెలుగు రాతి లోపలి దాకా వెళ్లి రంగు తీసుకొస్తుంది. వాన పడ్డ తెన్నేటి రాయిని జానెడు దూరం నుంచి చూడండి. తెల్లటి చార, బూడిద చార, తుప్పు రంగు చార, మళ్లీ తెల్లటి చార. చారల మధ్య ఆవగింజంత నుంచి శనగగింజంత వరకు ముదురెరుపు మచ్చలు. అవి గార్నెట్లు, నవరత్నాల్లో గోమేధికం పేరుతో చాలాసార్లు చెలామణీ అయ్యే రాళ్ల జాతి. ఉంగరానికి పనికొచ్చేంత శుభ్రమైనవి కావు, పగుళ్లు పట్టి ఉంటాయి. తెల్లటి చారల్లో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. వాటి పక్కన సన్నటి పుల్లల్లా మెరిసేది సిల్లిమనైట్. వేలితో రుద్దితే కొన్నిచోట్ల నల్లగా అంటుకునేది గ్రాఫైట్, పెన్సిల్ ముల్లు చేసే సరుకే.

ఈ రాయిని ఖోండలైట్ అంటారు. టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో తూర్పు కనుమల్లోని కోందు గిరిజనుల పేరు మీద దానికి ఆ పేరు పెట్టాడు. సింహాచలం కొండ, కైలాసగిరి, అవతల యారాడ కొండ అన్నీ ఈ కుటుంబమే. ఒకప్పుడు ఇది నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుక. ఆ బురద భూమి లోపలికి చాలా కిలోమీటర్లు కూరుకుపోయి, 900 డిగ్రీల దాకా ఉడికి, నలిగి, చారలు తేలింది. ఆ ఉడుకు జరిగి సుమారు వంద కోట్ల ఏళ్లు. అప్పట్లో ఈ తూర్పు తీరం తీరమే కాదు. దీన్ని ఆనుకుని అంటార్కిటికా ఉండేది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట రెండూ విడిపోయాయి, మధ్యలోకి సముద్రం వచ్చింది. ఇక్కడి రాళ్ల జోడీ తూర్పు అంటార్కిటికాలో, రేనర్ ప్రాంతంలో, ఇప్పటికీ ఉంది. వయసూ, ఉడికిన తీరూ సరిపోలుతున్నాయని రెండు వైపులా పనిచేసిన శాస్త్రవేత్తలు తేల్చారు.

“అయితే మావయ్యా, అక్కడ పెంగ్విన్లు దీని మీదే నడుస్తుంటాయా?” అంది మా పిల్ల.

నడుస్తూ ఉండొచ్చు. ఈ కోణం నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు.

రాళ్ల సందుల్లోంచి ఇసుక మీదికి వాన నీరు వేలెడు వెడల్పు కాలువలు కట్టి దిగుతోంది. ఆ కాలువల అంచుల్ని చూడాలి. నీరు తేలికైన తెల్ల ఇసుకను ముందుకు తోసుకుపోతూ, బరువైనదాన్ని వెనకాల వదిలేస్తుంది. అలా మిగిలిన నల్లటి గీత ఇల్మనైట్, దాని పక్కన వంకాయ రంగు గీత గార్నెట్. పైన రాతిలో మచ్చగా చూసినదే రాలి, అరిగి, ఇక్కడ చారగా తేలింది. పరిశ్రమల్లో ఇసుకను నీటితో వేరుచేసే పద్ధతి మూలసూత్రం ఇంతే, ఇక్కడ వాన ఉచితంగా చేసి చూపిస్తోంది. భీమిలి తీరపు ఇసుకలో ఈ బరువు ఖనిజాలు దండిగా ఉన్నాయి. ఇల్మనైట్ నుంచి టైటానియం వస్తుంది, మోనజైట్‌లో థోరియం ఉంటుంది. బీచ్ శాండ్ తవ్వకాల గొడవలన్నీ ఈ నల్ల గీత కోసమే.

ఇసుక కూడా ఒక చోట ఉండేది కాదు. వేసవి నుంచి నైరుతి రుతుపవనాలు వెళ్లేదాకా అలలు దాన్ని ఉత్తరానికి నెడతాయి, చలికాలంలో కొంత వెనక్కి తెస్తాయి. 1950ల మొదట్లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి పరిశోధకులతో కలిసి వాల్తేరు ఒడ్డున ఇసుక ఏ నెలలో ఎంత పోతోందో, ఎంత తిరిగొస్తోందో కొలిచారు. తర్వాత ఔటర్ హార్బర్ గోడలు లేచాయి. దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆ గోడల దగ్గర ఆగిపోతోంది. దాన్ని తవ్వి ఆర్కే బీచ్ వైపు పోయకపోతే ఆ బీచ్ కోసుకుపోతుంది. నగరమంతా కాళ్లు తడుపుకునే బీచ్ ఇలా పెట్టిపోతల మీద బతుకుతోంటే, తెన్నేటి రాళ్లకు ఆ బాధ లేదు.

ఆ మధ్యాహ్నం మేం ఎక్కువసేపు కూర్చున్నది ఒక మడుగు దగ్గర. రెండు రాళ్ల నడుమ బారెడు పొడవు, మోకాలి లోతు, పాటుకు సముద్రం వదిలేసి వెళ్లిన నీళ్లు. వాన పడుతున్న మడుగు మామూలు మడుగు కాదు. చినుకు మంచినీరు, అడుగున ఉన్నది ఉప్పునీరు. మంచినీరు తేలిక కాబట్టి వెంటనే కలవదు, పైన మూతలా పరుచుకుంటుంది. రెండూ తగులుకునే చోట నీళ్లు వణుకుతున్నట్టు కనిపిస్తాయి. కింద ఉన్న గులకరాయి ఒక క్షణం స్పష్టంగా ఉంటుంది, మరుక్షణం చెదిరిపోతుంది. చినుకు ఆగిన మధ్యలో తల వంచి చూస్తే ఆ పొర ఎక్కడుందో తెలిసిపోతుంది. అడుగున ఉన్నవాళ్లకు వాన పడుతున్న సంగతే తెలియదు. శంఖాన్ని ఇల్లు చేసుకున్న పీత ఒకటి తాపీగా ఊడ్చుకుంటూ పోతోంది. సీ అనిమోన్ చేతులు విప్పుకునే ఉంది.

పై అంచున ఉన్నవాళ్ల సంగతి వేరు. అక్కడి అనిమోన్లు చేతులు లోపలికి లాక్కుని గోధుమరంగు ముద్దలైపోయాయి. బార్నకిల్స్ తలుపులు బిగించేశాయి. లింపెట్ అనే గొడుగు నత్త ఉప్పునీటిని కాస్త గుల్ల కింద దాచుకుని రాతిని అదిమిపట్టింది. వేలితో తడితే ఇంకా బిగుస్తుంది. వీటిలో చాలా జాతులు మేతకు వెళ్లి మళ్లీ తమ చోటికే వస్తాయి. ఏళ్ల తరబడి అక్కడే కూర్చోగా గుల్ల అంచుకు సరిపడా రాయి అరిగి గుండ్రటి గాడి పడుతుంది. ఖాళీ గాడి ఒకటి చూపించి, దీని యజమాని ఏడని అడిగింది మేనకోడలు. చుట్టూ వెతికాం, దొరకలేదు. ఇంతలో మడుగులోంచి వేలెడు చేప ఒకటి గెంతి, తడిరాయి మీద రెండు దూకులు దూకి పక్క మడుగులో పడింది. రాళ్ల మీద గెంతే బ్లెన్నీ చేప అది. తడి ఉన్నంతసేపు నీటి బయట కూడా నెట్టుకురాగలదు కాబట్టి వాన రోజు దానికి పండగ.

పాటు సమయంలో వాన గంటల తరబడి దంచితే ఇలాంటి మడుగుల్లో కొన్ని ప్రాణాలు పోతాయి. అయితే పోటు రోజుకు రెండుసార్లు వచ్చి ఉప్పు సరిచేసి పోతుంది. మా మడుగులో జరిగినదే బంగాళాఖాతం మొత్తంలోనూ జరుగుతుంది, అక్కడ మాత్రం ఉప్పు అంత త్వరగా సరికాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వానాకాలంలో ఇందులోకే దిగుతాయి. అందుకే ఇది అరేబియా సముద్రం కంటే ఉప్పు తక్కువ. తేలికైన నీరు పైన మూతలా నిలిచి, అడుగున ఉన్న చల్లటి నీటిని పైకి రానివ్వదు. పై పొర వెచ్చగానే ఉండిపోతుంది. వానలు తగ్గాక, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లకు మేత ఆ వేడే.

అక్టోబరు అంటే విశాఖకు గుర్తొచ్చేది హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న మధ్యాహ్నం వేళ ఆ తుపాను సరిగ్గా ఈ నగరం మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలి కైలాసగిరి చెట్లను ఊడబెరికింది, బీచ్ రోడ్డును కోసేసింది. ఈ రాళ్లు మాత్రం కదల్లేదు. సరిగ్గా ఆరేళ్లకు, 2020 అక్టోబరు 12 రాత్రి, వాయుగుండం కాకినాడ వైపు కదులుతుండగా విశాఖ బయట లంగరేసుకున్న బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎం.వి. మా’ పట్టు తప్పి కొట్టుకొచ్చింది. తెల్లారి చూసేసరికి తెన్నేటి పార్కు రాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. 15 మంది సిబ్బందీ క్షేమం. ఓడను మాత్రం లాగడం చేతకాలేదు. తర్వాత దాన్ని తేలే రెస్టారెంటుగా మారుస్తామన్న ప్రకటనలు చాలా వచ్చాయి, ఓడ ముందు ఫొటోలు దిగడానికి ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చాయి. 80 మీటర్ల ఇనుమును పట్టి ఆపిన రాళ్లను మాత్రం ఎవరూ ఫొటో తీసినట్టు లేదు.

ఈ రాళ్లకు గాలివాన చేయలేని హాని మనుషులు చేస్తున్నారు. ‘మరోచరిత్ర’ 1978లో వచ్చింది, విశాఖ, భీమిలి తీరాల్లో తీసిన సినిమా. అప్పట్నుంచి ఈ రోడ్డు ప్రేమికులదైపోయింది. అందులో తప్పు లేదు. బాణం గుచ్చిన గుండె బొమ్మనూ, రెండు పేర్లనూ ఎనామిల్ పెయింటుతో రాతి మీద రాయడం తప్పు. మడుగు ఒడ్డునే రెండు జంటల పేర్లు చూశాం, ఒక అబ్బాయి పేరు రెండు చోట్లా ఉంది. సీసా పెంకుల గురించి చెప్పనక్కర్లేదు. నన్ను అంతకన్నా కలవరపెట్టేది తీరంలో నాలుగు రాళ్లు కనిపిస్తే చాలు, వాటి మీద సిమెంటు పోసి, రెయిలింగు బిగించి, రంగు లైట్లు పెట్టి ‘అభివృద్ధి’ అనే అలవాటు. బెంచీ ఎక్కడైనా వేయొచ్చు. లింపెట్ గాడిని ఏ కాంట్రాక్టరూ తిరిగి కట్టలేడు.

ఓపికా, వెలుగూ మిగిలితే అదే రోడ్డున ముందుకు పోవచ్చు. రుషికొండ దాటాక మంగమారిపేట దగ్గర కెరటాలు తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. పాటు వేళకు చేరితేనే దాన్ని దగ్గరగా చూడటం కుదురుతుంది. ఇంకా ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. వానలో వాటిని రోడ్డు మీద నుంచి చూడటమే మర్యాద, నడిస్తే అంచులు కూలతాయి.

వాన రోజున తప్పనిసరిగా ఎక్కాల్సింది మాత్రం తొట్లకొండ. 1976లో నౌకాదళం చేసిన సర్వేలో ఈ బౌద్ధారామం బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. సుమారు రెండు వేల ఏళ్ల కిందట భిక్షువులు ఆ కొండరాతిని తొలిచి తొట్లు చేసి వాన నీరు పట్టుకున్నారు. కొండ కింద ఉన్న సముద్రంలో తాగడానికి గుక్కెడు లేదు, పైన ఊట లేదు, అందుకని వానాకాలాన్నే దాచుకున్నారు. ఎండాకాలంలో వెళ్తే ఆ తొట్లు గుంటల్లా కనిపిస్తాయి. వాన పడుతుంటే రాతి మీద నీరు ఏ వాలున జారి ఎందులో పడుతోందో చూడొచ్చు. మన హయాంలో అక్కడ పునర్నిర్మించిన మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు కొంత కూలింది. వాళ్ల తొట్లు ఇప్పటికీ నీళ్లు పడుతున్నాయి.

మేం ఆ రోజు అంత దూరం పోలేదు. నాలుగున్నర దాటేసరికి పోటు తిరిగింది. ముందు చివరి రాళ్ల మధ్య తెల్లగా నురగ, తర్వాత మా మడుగు అవతలి అంచు దాటి మొదటి నీళ్లు లోపలికి. అనిమోన్లు విప్పుకుంటాయేమో చూద్దామని పిల్ల మొండికేసింది గానీ, మెట్ల దగ్గర్నుంచి పెద్దాయన “రండి రండి, ఇక చాలు” అని కేకేసేసరికి కదిలింది. పైన తోపుడు బండి మీద ప్లాస్టిక్ పట్టా కట్టి మురీ మిక్చర్ కలుపుతున్నారు. ఉల్లిపాయ, నిమ్మరసం, కాస్త ఎక్కువ కారం. తడిసిన ఒంటికి ఆ కారం దివ్యంగా పట్టింది.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. భీమిలి బస్సులు బీచ్ రోడ్డు మీదుగా తిరుగుతాయి, వాన రోజున సొంత బండి కంటే అవే నయం. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేసిన రోజున ఇంట్లోనే ఉండండి, టీవీలో చూసుకోవచ్చు. పాటుకు గంట ముందు దిగి, తిరిగిన గంటలోపు పైకి వచ్చేయండి. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. గుల్లలు ఏరుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి, ఖాళీగా కనిపించే శంఖంలో ఎవరో కాపురం ఉంటారు. గొడుగు దండగ, రెండో గాలికే తిరగబడుతుంది. రెయిన్‌కోటు తొడుక్కుని చేతులు ఖాళీగా ఉంచుకోండి. ఒక చెయ్యి పిల్లను పట్టుకోవడానికి, ఇంకొకటి రాయిని పట్టుకోవడానికి. మురీ మిక్చర్ పొట్లం పైకి వచ్చాకే.